కుండబద్దలు కొట్టే హక్కు ఎవరికుంది?

పారను పార అనే పిలవాలని ఇంగ్లీషులో ఒక నానుడి. అదే మనం కుండబద్దలు కొట్టినట్టు చెప్పడం అంటాం. ఉన్నమాట మొహానే అనే మగవాణ్ణి ముక్కుసూటి మనిషని లోకం మెచ్చుకుంటుంది. స్త్రీ అంటే మాత్రం ఆమెకి నోటిదురుసు, ఆమె బరితెగించింది. ఈ రెండు నాల్కల నీతి ఎలా పనిచేస్తుందో చూడాలంటే జూబ్లీహిల్స్ పక్కనున్న ఫిల్మ్‌నగర్ దాకా వెళ్తే చాలు.

2018 ఏప్రిల్ 7న ఫిల్మ్ ఛాంబర్ ఎదుట నటి శ్రీరెడ్డి అర్ధనగ్నంగా నిరసన తెలిపింది. అవకాశాల పేరుతో అమ్మాయిల్ని లైంగికంగా వాడుకుంటున్నారన్నది ఆమె ఆరోపణ. నటుల సంఘం 'మా' వెంటనే ఏం చేసింది? ఆమెకి సభ్యత్వం ఇవ్వమనీ, తమ సభ్యులెవరూ ఆమెతో నటించరనీ ప్రకటించింది. మహిళా సంఘాలు నిలదీశాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులిచ్చింది. ఆ వారంలోనే నిషేధం ఎత్తేశారు.

ఆమె పద్ధతి బాగాలేదన్నారు. ఆమె అన్న ప్రతి మాటనీ మనం సమర్థించనక్కర్లేదు. కానీ మచ్చలేని స్త్రీ మర్యాదగా చెబితేనే వింటామనడం, ఎప్పటికీ వినబోమని చెప్పడమే కాదా?

అసలు పరిశ్రమ వాడే మాటలు చూడండి: 'కమిట్‌మెంట్', 'అడ్జస్ట్‌మెంట్'. ఇందులో అడిగినవాడు కనబడడు. 'ఇచ్చిన' అమ్మాయి, 'సర్దుకున్న' అమ్మాయి మాత్రమే కనబడతారు. నేరం మగవాడిది, పేరు ఆడదానిది! పని ఆశ చూపి లైంగిక కోరిక తీర్చమనడాన్ని చట్టం లైంగిక వేధింపు అంటుంది. భన్వరీదేవిపై 1992లో జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత స్త్రీలు పోరాడి సాధించుకున్న మాట అది. 1997 విశాఖ తీర్పులో, 2013 చట్టంలో అది స్పష్టంగా ఉంది. ఆ చట్టం వినోదరంగానికీ వర్తిస్తుంది. రోజుకూలీకీ, ఏజెంటు ద్వారా పనికొచ్చినవారికీ వర్తిస్తుంది. పదిమంది పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. మరి కృష్ణానగర్ నుంచి తెల్లారకుండానే షూటింగుకి బయల్దేరే జూనియర్ ఆర్టిస్టుకి ఆ కమిటీ ఎక్కడుందో ఎవరైనా చెప్పారా? ఫిర్యాదు చేస్తే మర్నాడు ఆమెకి పిలుపు వస్తుందా?

స్త్రీలు హైకోర్టు దాకా వెళ్తే, 2019లో తెలంగాణ ప్రభుత్వం సినీరంగంలో వేధింపులపై కమిటీ వేసింది. 2022లో నివేదిక ప్రభుత్వానికి చేరింది. 2024 ఆగస్టులో కేరళలో హేమ కమిటీ నివేదిక వెలువడ్డాక, మన నివేదికనీ బయటపెట్టమని నటి సమంత కోరింది. అప్పటికి రెండేళ్లు దాటినా అది వెలుగు చూడలేదు. కేరళ నివేదిక కూడా 2019 డిసెంబరు నుంచి నాలుగేళ్లకు పైగా మూలుగుతూనే ఉండింది. 'ధైర్యంగా చెప్పండి' అని స్త్రీలని అడిగి, చెప్పింది బీరువాలో పెట్టి తాళం వేయడం ఏ రకం న్యాయం?

స్త్రీల అనుభవాలపై తయారైన ఏ నివేదికైనా బాధితుల పేర్లు తీసేసి ప్రజల ముందు పెట్టాలి. ప్రతి షూటింగులో కమిటీ సభ్యుల పేర్లు తెలుగులో రాసి గోడకి అంటించాలి. మనవైపు నుంచి ఒక పని ఇవాళే మొదలుపెట్టవచ్చు. మన కరపత్రాల్లో, సమావేశాల్లో 'కమిట్‌మెంట్' అన్న మాట మానేద్దాం. వేధింపుని వేధింపనే అందాం.