వంటింటి శుద్ధి: కోతతో ముగియని విస్తరణ

జహీరాబాద్ ప్రాంతపు వ్యవసాయం అనగానే అల్లం, ఆలుగడ్డ, చెరకు స్ఫురిస్తాయి. మొగుడంపల్లి వంటి మండలాల్లో ఇంటి అవసరానికి వండుకునే చామగడ్డ, మొరంగడ్డ, ఏడాదికి సరిపడా దాచుకునే పల్లికాయ విషయంలో మన కరపత్రాలు చాలావరకు కోతతోనే ముగుస్తాయి. కోత తరువాత ఇంటిలో జరిగే శుద్ధి కూడా విస్తరణ శాస్త్రవేత్త పరిధిలోనిదేనని నా అభిప్రాయం. దానిని మెచ్చుకొని ఊరుకోవడం చాలదు. అవసరమైన చోట సరిదిద్దాలి కూడా.

చామగడ్డను బాగా ఉడికించి, ఆ నీటిని పారబోసి, చింతపండు పులుసులో వండడం మన ఇళ్లలో పాత పద్ధతి. గొంతు దురదకు ప్రధాన కారణం సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. నీటిలో కరిగే ఆక్సలేట్లు కొంతవరకు ఉడికిన నీటిలోకి దిగుతాయి. నిప్పుల్లో కాల్చినప్పుడు దుంపలోనే మిగిలిపోతాయి. పోషకాహార శిక్షణలో "ఉడికిన నీటిని పారబోయవద్దు" అని అన్నిటికీ ఒకే మాట చెబుతుంటాం. ఆకుకూరలకు సరిపోయే ఆ సలహా చామగడ్డకు సరిపోదు. ఇక్కడ గృహిణి ఆచారమే సరైనది. వంటింటి గుణాన్ని పరిశోధన పట్టించుకున్న సందర్భమూ ఉంది: కొవ్వూరు స్థానిక కంద నుండి ఎంపికైన గజేంద్ర రకానికి దురద లేకపోవడం ఒక ముఖ్య ఆకర్షణ.

పల్లీల విషయం ఇంత సులభం కాదు. చాటలో పోసి ముడతలు పడినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరివేయడం శాస్త్రీయంగా ఎంతో విలువైన పని. అఫ్లాటాక్సిన్ రాశి అంతటా సమానంగా ఉండదు; కొద్దిపాటి చెడు గింజల్లోనే అధికంగా పేరుకుంటుంది. వేయించినా, ఉడికించినా అది పూర్తిగా నశించదు గనుక ఏరివేతకు వంట ప్రత్యామ్నాయం కాదు. అయితే ఏరిన గింజలు ఎక్కడికి పోతున్నాయి? పారవేయడానికి మనసొప్పక గానుగకో, గేదె దాణాకో, కోళ్లకో పంపడం కద్దు. గానుగ నూనెలో కొంత విషం చేరుతుంది, అధిక భాగం పిండిలో నిలుస్తుంది. దానిని మేసిన పాడిపశువు పాలలో అది ఎం1 రూపంలో తిరిగి ఆ ఇంటి పిల్లల గ్లాసులోకే వస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు మరణించినది కలుషితమైన వేరుశనగ పిండి వల్లనే. అఫ్లాటాక్సిన్‌ను గుర్తించినదీ ఆ విపత్తు తరువాతనే.

జహీరాబాద్ నుండి హైదరాబాద్ వెళ్లే రహదారిపైనే ఉన్న పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఈ సమస్యపై దశాబ్దాలుగా పరిశోధన చేసింది. కాయల్లో తేమ 8 శాతానికి దిగేవరకు ఎండబెట్టమని మనమూ చెబుతూనే ఉన్నాం. ఏరిన గింజలను పశువులకు పెట్టక పూడ్చివేయమని మాత్రం అంత గట్టిగా చెప్పడం లేదు. ఆ గింజలకు వెల ఉన్నది. కేవలం హెచ్చరికతో రైతు ఇల్లు దానిని వదులుకోదు. నష్టం పాలలోకి ఎలా చేరుతుందో వివరించవలసి ఉంటుంది.

గ్రామీణ అనుభవ కార్యక్రమానికి వెళ్లే అంతిమ సంవత్సర విద్యార్థులు ఎరువుల మోతాదుతో పాటు ఒక్కో ఇంటి శుద్ధి విధానాన్నీ, ఏరివేతల గమ్యాన్నీ నమోదు చేయాలి. ఝరాసంగం మండలం మాచనూరులో 2008లో ప్రారంభమైన సంఘం రేడియో వంటి వేదికలో ఆ మహిళలే మాట్లాడితే, మన కరపత్రం కన్నా ఆ మాట ముందుగా ఇళ్లకు చేరుతుంది.