గెలిచే గుర్రమా? గిట్టే ధరా?

సినిమాలో గుర్రప్పందెం సీను వచ్చిందంటే ఫలితం మనకు ముందే తెలుసు. కథానాయకుడి జేబులో మిగిలింది ఆఖరి నోటు. ఎవ్వరూ నమ్మని గుర్రం మీద దాన్ని కాస్తాడు. గుర్రం మొదట అందరికన్నా వెనక. కెమెరా ఒకసారి డెక్కల మీదికి, ఒకసారి హీరోగారి నుదుటి చెమట మీదికి! వాద్యబృందం ఉరుములు, మెరుపులు. ఆఖరి మలుపులో మన గుర్రం ఒక్కొక్కదాన్నే దాటుకుంటూ వచ్చి ముక్కు తేడాతో గెలుస్తుంది. తర్వాతి సీనులో కారు, బంగళా, వెనువెంటనే ఊటీలో యుగళగీతం.

బాగుంది. చూస్తున్నంతసేపూ మనమూ కుర్చీ అంచుకు వచ్చేస్తాం. కాని దర్శకుడు ఆ సీనులో ఒక సంగతి దాచేస్తాడు. ఆ గుర్రం ధర ఎంత? దాని సత్తాకు ఆ ధర గిట్టుబాటేనా? పందెం విద్య అంతా ఈ ప్రశ్నలోనే ఉంది. గెలిచే గుర్రాన్ని పట్టడం వేరు, గిట్టే ధరను పట్టడం వేరు. ఈ వారం ముచ్చట అదే.

“సినిమా పత్రికలో ఈ జూదం పాఠమేమిటండీ?” అని పెద్దలు కళ్ళెర్రజేయకండి. కారణముంది. నేనుండేది దబీర్‌పురాలో. పాతబస్తీ చుట్టూ ఒకప్పుడున్న కోటగోడకు ఇప్పటికి మిగిలిన రెండు దర్వాజాలలో ఒకటి మాది. రెండోది పురానాపూల్ దగ్గరిది. మా స్టేషన్లో లోకల్ రైలెక్కితే తర్వాతి స్టేషనే మలక్‌పేట, అంటే రేసుకోర్సు! మౌలాలీలో జరిగే పందేలను ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో 1886లో మలక్‌పేటకు మార్చారు. అంచేత మా గల్లీలలో గుర్రాల మాట ముత్తాతల నాటిది.

కొత్తగా వచ్చిందల్లా సెల్‌ఫోను. చలికాలం సాయంత్రం ఆరున్నరకు ఇంగ్లండులో మధ్యాహ్నం ఒంటిగంట. అక్కడ అడ్డంకులు దూకే గుర్రాల పందేలు మొదలయ్యే వేళ. ఇక్కడ ఇరానీ హోటల్లో చాయ్ చల్లారిపోతూ ఉంటుంది. నలుగురు కుర్రాళ్ళ తలకాయలు ఒకే ఫోను మీద వంగి ఉంటాయి. ఏ గుర్రాన్నీ వాళ్ళు కళ్ళారా చూసింది లేదు. పేర్లు నోరు తిరగవు. నేను కనబడితే చాలు, “అన్నా, నువ్వు పేపరోనివి కదా! ఏ గుర్రం కొడ్తదో చెప్పరాదే!” అంటారు.

తమ్ముళ్ళూ, ప్రశ్నే తప్పు. ఎందుకు తప్పో చెబుతాను. కొంచెం లెక్క ఉంటుంది, భయపడకండి. థియేటరు దగ్గర బ్లాకు టిక్కెట్టు బేరమాడినవాడికి ఈ లెక్క కష్టం కాదు!

* * *

ఒక గుర్రానికి “నాలుగుకి ఒకటి” ధర అంటే ఏమిటి? రూపాయి కాస్తే, గెలిచినప్పుడు నాలుగు రూపాయలు లాభం, మన రూపాయి మనకు వాపసు. ఆ ధరలో ఒక జోస్యం దాగి ఉంది. ఈ గుర్రం అయిదు పరుగులలో ఒకటి గెలుస్తుంది, అంటే నూటికి ఇరవై పాళ్ళు అని. “రెండుకి ఒకటి” అంటే నూటికి ముప్ఫైమూడు పాళ్ళు. “ఎనిమిదికి ఒకటి” అంటే పదకొండు.

ఇప్పుడు రెండు గుర్రాలు తీసుకుందాం. మొదటిది జనమంతా ఎగబడే ఫేవరెట్. ధర రెండుకి ఒకటి. నిజానికి దాని సత్తా నూటికి ముప్ఫై అనుకోండి. ఇలాంటి గుర్రాల మీద పది రూపాయల చొప్పున వందసార్లు కాస్తే ఖర్చు వెయ్యి. ముప్ఫైసార్లు గెలుస్తాం, గెలిచినప్పుడల్లా చేతికి ముప్ఫై. మొత్తం తొమ్మిది వందలు. వంద రూపాయలు పోయాయి!

రెండోది ఎవరూ పట్టించుకోని గుర్రం. ధర ఎనిమిదికి ఒకటి. నిజం సత్తా నూటికి పదిహేను. వెయ్యి రూపాయలు అలాగే కాస్తే గెలుపు పదిహేనుసార్లే. కాని గెలిచినప్పుడల్లా చేతికి తొంభై. మొత్తం 1350. మూడువందల యాభై లాభం!

చూశారా చిత్రం? ముప్ఫైసార్లు గెలిచినవాడు నష్టపోయాడు, పదిహేనుసార్లు గెలిచినవాడు లాభపడ్డాడు. మొదటివాడు గుర్రాన్ని కొన్నాడు, రెండోవాడు ధరను కొన్నాడు. గిట్టుబాటు పందెమంటే ఇదీ. మన సినిమా వ్యాపారంలోనూ ఇంతే కదా! పెద్ద హీరో బొమ్మను కొండంత ధరకు కొన్న డిస్ట్రిబ్యూటరు వందరోజుల పండుగ చేసి కూడా నష్టపోవచ్చు. చిన్న బొమ్మను చవగ్గా కొన్నవాడు నాలుగు వారాలకే గట్టెక్కవచ్చు.

అయితే ఇందులో రెండు ముళ్ళున్నాయి. మొదటిది: ఆ రెండోవాడు వందలో ఎనభైఅయిదుసార్లు ఓడాడు. వరసగా పది పందేలు పోయే అవకాశం అతనికి అయిదింట ఒకటి. పది ఓటముల తర్వాత కూడా అదే పది రూపాయలు, అదే నిదానంతో కాసేవాడు ఎంతమందిలో ఒకడు? మనవాడు ఆరో ఓటమికే వందకు పోతాడు, తొమ్మిదో ఓటమికి వదినగారి గాజులకు పోతాడు.

రెండో ముల్లు బుకీ వేసే ధరలలోనే ఉంది. నాలుగు గుర్రాల పందెం. ధరలు వరసగా ఒకటిన్నరకి ఒకటి, రెండుకి, మూడుకి, ఆరుకి. వీటిలోని పాళ్ళు కూడండి: నలభై, ముప్ఫైమూడు, పాతిక, పద్నాలుగు. మొత్తం నూటపన్నెండు! వంద ఉండాల్సింది నూటపన్నెండు ఎలా అయింది? ఆ పై పన్నెండే బుకీ కూడు. మనం గుర్రాల సంగతి అతనికన్నా తెలిసినవాళ్ళమైతే చాలదు, ఆ పన్నెండును కూడా దాటాలి.

* * *

ఇంతకీ ఇంగ్లండు దూకుడు పందేల సంగతి. మన మలక్‌పేటలో గుర్రాలు చదునునేల మీదే పరిగెత్తుతాయి. అక్కడ చలికాలమంతా రెండుమైళ్ళు, అంతకు మించి దూరాలలో అడ్డంకులు దూకుతూ పరిగెత్తాలి. పెద్ద ఫెన్సు కనీసం నాలుగున్నర అడుగులు. అన్నిటికీ పెద్దది ఎయింట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్. నాలుగుమైళ్ళ పైచిలుకు దూరం, ముప్ఫై దూకుళ్ళు!

వెండితెరకు ఈ పందెమంటే ఎంతో మోజు. 1944లో ‘నేషనల్ వెల్వెట్’లో చిన్నారి ఎలిజబెత్ టేలర్ మగ జాకీ వేషంలో ఈ పందెంలోనే అందరికన్నా ముందు గీత దాటింది. 1984లో ‘ఛాంపియన్స్’ వచ్చింది. క్యాన్సరు నుంచి బయటపడిన జాకీ బాబ్ ఛాంపియన్ పాత్ర జాన్ హర్ట్‌ది. అది కట్టుకథ కాదు. కాలు దెబ్బలతో ఇక పనికిరాదనుకున్న ఆల్డనిటీ అనే గుర్రం మీద అతను 1981 గ్రాండ్ నేషనల్ నిజంగానే గెలిచాడు. ఆనాడు దాని ధర పదికి ఒకటి. 2020లో వచ్చిన ‘డ్రీమ్ హార్స్’ కూడా నిజం కథే. వేల్సులో ఒక పల్లెటూరివాళ్ళు వారానికి పది పౌండ్ల చొప్పున చందాలు వేసుకుని పెంచిన డ్రీమ్ అలయన్స్ 2009లో వెల్ష్ నేషనల్ గెలిచింది.

ఇక 1967 సంగతి ఏ సినిమా రచయితా రాయడానికి సాహసించడు. ఇరవైమూడో ఫెన్సు దగ్గర ముందు గుర్రాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఆగి, గుంపు కట్టాయి. ఎక్కడో వెనకబడిన ఫోయినావన్ తీరిగ్గా వచ్చి, సందు చూసి దూకి, ఒంటరిగా గెలిచింది. ధర వందకి ఒకటి! ఆ ఫెన్సుకు ఇప్పటికీ దాని పేరే.

ఫోయినావన్ మీద కాసినవాడు గిట్టుబాటు పందెం కాశాడా? చెప్పలేం. గెలిచాడు గనక అది మంచి పందెం అనుకోవడం కూడా సినిమా తర్కమే. పందెం మంచిదా చెడ్డదా అనేది కాసిన క్షణంలో తేలుతుంది, గీత దాటినప్పుడు కాదు.

మరి తెలిసినవాళ్ళు అక్కడ గిట్టుబాటును ఎక్కడ వెతుకుతారు? జనం కళ్ళు పోని చోట. జనం చూసేది పోయిన పందెంలో ఎవరు గెలిచారు, జాకీ పేరేమిటి, గుర్రం పేరు ముద్దుగా ఉందా అని. తెలిసినవాడు చూసేది నేల. వాన పడి బురదైన నేల మీద కొన్ని గుర్రాలు రాజాలు, కొన్ని బంట్లు. తర్వాత బరువు. హ్యాండికాప్ పందెంలో బాగా పరిగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు మోపి అందరినీ ఒక వరసకు తెస్తారు. కిందటిసారి గెలిచిన పాపానికి ఈసారి బరువు పెరుగుతుంది. జనం ఆ గెలుపును చూస్తారు, ఈ బరువును చూడరు. ఆపైన దూకుడు. వేగం ఎంతున్నా ఫెన్సు దగ్గర తడబడే గుర్రం సగం పందెం అక్కడే ఓడిపోతుంది.

ఇవన్నీ తెలియాలంటే ఏళ్ళ తరబడి చూడాలి. మా గల్లీలో ఒక చాచా ఉన్నాడు. వయసులో ఉండగా గుర్రాల సైసుగా పనిచేశాడు. ఎంత చలిగా ఉన్నా తెల్లవారుజామున గుర్రాన్ని నడిపిస్తూ దాని ఊపిరి వినేవాడట. “చాచా, మీరు పందేలు కాసేవారా?” అని అడిగాను. నవ్వాడు. “బేటా, నాకు మా లాయంలో గుర్రాల సంగతి తెలుసు. మిగతా పది లాయాల సంగతి తెలీదు. పందెం వాటన్నిటితో కదా!” అన్నాడు. రోజూ గుర్రాన్ని తోమినవాడి మాట అది. మరి అయిదువేల మైళ్ళ అవతలి గుర్రాన్ని అద్దం మీద వేలితో తోమే మన కుర్రాడికి ఎంత తెలియాలి?

* * *

“సరే, నేను నిజంగానే చదివి, రాసుకుని, లెక్కగట్టి కాస్తాను. అప్పుడో?” అంటారా. మంచిది, పన్ను సంగతి చూద్దాం.

మన దేశంలో గుర్రప్పందేల మీద జి.ఎస్.టి. మొదట నూటికి ఇరవైఎనిమిది. 2025 సెప్టెంబరు 22 నుంచి నలభై! అదీ లాభం మీద కాదు, కాసిన సొమ్ము మీద. ఇందాకటి మన తెలివైన పందెగాడిని మళ్ళీ పిలవండి. వెయ్యి కాశాడు, 1350 తెచ్చుకున్నాడు. ఇప్పుడు వెయ్యి మీద నాలుగువందలు పన్ను వేయండి. ఖర్చు 1400, రాబడి 1350. అంత తెలివికీ, అంత ఓపికకూ మిగిలింది యాభై రూపాయల నష్టం! పన్ను పైన వేసినా, పందెంలోంచి కోసినా పాళ్ళు మారవు.

చట్టం మాటా చెప్పాలి. 1996లో సుప్రీంకోర్టు మద్రాసు కేసులో గుర్రప్పందెం కేవలం అదృష్టం మీద ఆధారపడినది కాదు, నైపుణ్యం ఉన్న ఆటే అని తీర్పు చెప్పింది. అంచేతే రేసుకోర్సులు బతికున్నాయి. కాని ఆ తీర్పును చూపించి ఫోను పందెం సక్రమమనుకుంటే పొరపాటు. తెలంగాణలో ఆన్‌లైన్ పందేలను 2017లోనే నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద పార్లమెంటు కూడా 2025 ఆగస్టులో చట్టం చేసింది. అంచేత ఆ ఫోనులో కనబడే దుకాణానికి ఇక్కడ అడ్రసు లేదు. గెలిచిన సొమ్ము ఇవ్వకపోతే ఏ పోలీసుస్టేషను మెట్లెక్కుతారు?

పాల్ న్యూమన్, రాబర్ట్ రెడ్‌ఫర్డ్‌ల ‘ది స్టింగ్’ 1973లో వచ్చింది. చూడనివాళ్ళు తప్పక చూడండి. అందులో ఇద్దరు మోసగాళ్ళు ఒక దొంగ పందెం దుకాణం పెడతారు. గుమాస్తాలు, కాసేవాళ్ళు, రేడియోలో పందెం చెప్పే గొంతు అన్నీ నాటకమే. లోపలున్నవాళ్ళలో నిజంగా డబ్బు తెచ్చినవాడు ఒక్కడే, వాడే బలి. హాల్లో కూర్చుని వాణ్ణి చూసి నవ్వుకున్నాం. ఫోను తెరిచినప్పుడు మాత్రం ఆ దుకాణంలో ఎవరి పాత్ర మనదో ఒకసారి ఆలోచించుకోవాలి.

గుర్రాలు అందమైన జంతువులు. రైలెక్కి మలక్‌పేట వెళ్ళి వాటి పరుగు చూడండి, పేర్లు రాసుకోండి. కాయితం మీద పందెం కట్టి వంద పరుగుల లెక్క వేయండి, రూపాయి తీయకుండా. ఆ వంద అయ్యాక మీ కాయితం మీద లాభమే కనిపించినా, దాని మీద నలభై పన్ను వేసి మళ్ళీ చూడండి. ఇక “ఏ గుర్రం కొడ్తది?” అని నన్ను అడగాల్సిన పని ఉండదు.