పెంచేది ఏ కణాన్ని?

పళ్లు రాని ఎలుక ఒకటుంది. ప్రయోగశాలల్లో దాన్ని ‘ఓపీ’ ఎలుక అంటారు. తల గుండ్రంగా ఉంటుంది, మూతి పొట్టి. గింజలు కొరకలేదు కాబట్టి మేతను పొడి చేసి తడిపి పెట్టాలి. ఎముకలు మరీ దట్టంగా పెరిగి, మూలుగ ఉండాల్సిన చోటును కూడా ఆక్రమించేస్తాయి. దీనికి కారణం 1990లో బయటపడింది. ఎం-సీఎస్ఎఫ్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం అదనంగా చేరింది. ఆ ఒక్క తప్పుతో పనికొచ్చే ప్రోటీన్ తయారీ ఆగిపోయింది.

మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలను పుట్టించేది, బతికించేది, పని నేర్పేది ఈ ప్రోటీనే. మాక్రోఫేజ్ అంటే గ్రీకు మూలంలో పెద్ద తిండిపోతు. 1882లో సిసిలీ దీవిలోని మెస్సీనాలో రష్యన్ శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ నక్షత్రచేప పిల్లలో గులాబీ ముల్లు గుచ్చి, తెల్లారేసరికి దాని చుట్టూ మూగిన కణాలను చూశాడు. కణాలు క్రిములను మింగేస్తాయన్న ఆలోచన అక్కడ మొదలై, 1908లో ఆయనకు నోబెల్ తెచ్చింది. క్రిములను మింగడం ఈ కణాల పనిలో కొంత భాగమే. చచ్చిన కణాలను ఎత్తిపోస్తాయి, పుండు మానడానికి సాయపడతాయి. పాత ఎముకను కరిగించే కణాలు కూడా ఈ వంశానివే. దవడ ఎముకను తొలిచి దారి ఇచ్చే ఆ కణాలు లేకే ఆ ఎలుకకు పళ్లు బయటికి రాలేదు.

ఈ ప్రోటీన్‌ను తొలిరోజుల్లో మనుషుల మూత్రం నుంచి వడగట్టేవారు. 1985లో దాని జన్యువును విడదీశాక కథ మారింది. మనిషి జన్యువును బ్యాక్టీరియాలో చేర్చి, ట్యాంకుల్లో పెంచి, కావలసినంత తీసుకోవచ్చు. ఇలా తయారైనదే రీకాంబినెంట్ ప్రోటీన్. దాన్ని సూదిమందుగా ఇస్తే ఓపీ ఎలుకలో ఎముకను కరిగించే కణాలు మళ్లీ కనిపించాయి.

ఇక్కడితో ఆగితే, ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదని ఎవరైనా అనుకుంటారు. కానీ మోకాలి కథ వేరు. టెనోసైనోవియల్ జెయింట్ సెల్ ట్యూమర్ అనే జబ్బులో కీలు వాస్తుంది, కాలు ముడవడం కష్టమవుతుంది. ఆ గడ్డను కోసి పరీక్షిస్తే అసలు కణితి కణాలు కొద్దిపాటే. వాటిలో జన్యువు చోటు మారి ఎం-సీఎస్ఎఫ్‌ను ధారగా వదులుతుంటుంది. మిగతా గడ్డలో ఎక్కువ భాగం ఆ పిలుపు విని వచ్చి చేరిన మాక్రోఫేజ్‌లే! ఒంటిని కాపాడాల్సిన కణాలే గడ్డగా పేరుకున్నాయి. ఆ పిలుపు అందకుండా అడ్డుకునే పెక్సిడార్టినిబ్ అనే మందును అమెరికా 2019లో అనుమతించింది. అది కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీయవచ్చన్న గట్టి హెచ్చరిక కూడా దానితోపాటే ఉంది.

ఎం-సీఎస్ఎఫ్‌కు జీఎం-సీఎస్ఎఫ్ అనే తోబుట్టువుంది. ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు ముడుచుకుపోకుండా ఒక జిడ్డు పొర ఉంటుంది. పాతబడిన ఆ జిడ్డును అక్కడి మాక్రోఫేజ్‌లు శుభ్రం చేయాలంటే జీఎం-సీఎస్ఎఫ్ అందాలి. కొందరిలో సొంత శరీరమే దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఈ సంగతిని 1999లో జపాన్ పరిశోధకులు తేల్చారు. అలాంటి రోగికి మత్తిచ్చి, ఒక ఊపిరితిత్తితో శ్వాస ఆడిస్తూ, రెండోదాన్ని సెలైన్‌తో నింపి కడుగుతారు. మొదట బయటికొచ్చే నీళ్లు చిక్కటి పాలలా ఉంటాయి. కడిగేకొద్దీ సీసాలో తెలుపు పలచబడుతుంది. అక్కడ రోగనిరోధక శక్తి తక్కువై కాదు, తప్పు గురి మీద పనిచేయడం వల్లే మనిషికి ఊపిరాడలేదు.

పెంచడమే ఎప్పుడూ మేలు కాదన్న సంగతిని 2020లో కోవిడ్ రోగుల మీద జరిగిన ప్రయోగాలు ఇంకా స్పష్టం చేశాయి. కొందరు వైద్యులు జీఎం-సీఎస్ఎఫ్‌ను పీల్చే మందుగా ఇచ్చి చూశారు. మరికొందరు అదే ప్రోటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీలను ఇచ్చి చూశారు. జబ్బు ఒకటే, ప్రోటీన్ ఒకటే, వైద్యం మాత్రం ఎదురుబొదురు. రెండింటి వెనకా తర్కం ఉంది: ఊపిరితిత్తిని కాపాడే కణాలకు ఊతమివ్వాలా, అదుపు తప్పిన వాపును ఆపాలా అన్నదే ప్రశ్న.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన అంగళ్లలో పాలు, బ్రెడ్డు, ఐస్‌క్రీమ్ మీద కూడా ‘ఇమ్యూనిటీ బూస్టర్’ అన్న మాట వచ్చి కూర్చుంది. ఆ మాట ఇప్పటికీ పోలేదు. భయపడిన కుటుంబాలు నెల ఖర్చులో కోత పెట్టుకుని మరీ ఆ డబ్బాలు కొన్నాయి. రోగనిరోధక శక్తిని రేడియో వాల్యూమ్‌లా ఒక్క గుండీ తిప్పి పెంచవచ్చని నమ్మించడం అన్యాయం. రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్ ఉన్నవాళ్లు ఆ శక్తి తమ మీదే తిరగబడినందుకు బాధపడుతున్నారు. దాన్ని తగ్గించడానికి వాళ్లు రోజూ మందులు మింగుతారు. ‘పెంచుతాం’ అని రాసిన డబ్బా వాళ్ల ఇంట్లోకీ వస్తుంది.

నిజంగా పెంచే మందు ఎలా ఉంటుందో చూడాలంటే క్యాన్సర్ వార్డుకు వెళ్లాలి. కీమో తర్వాత “కౌంట్ పడిపోయింది” అన్న మాట వినని కుటుంబం అక్కడ అరుదు. అప్పుడు వాడే జీ-సీఎస్ఎఫ్ ఈ కుటుంబంలోదే. అది న్యూట్రోఫిల్ అనే మరో రకం తెల్ల కణాలను పెంచుతుంది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2001లో దీన్ని గ్రాఫీల్ పేరుతో మార్కెట్‌లోకి తెచ్చింది. మోతాదును రోగి బరువు చూసి మైక్రోగ్రాముల్లో లెక్కగడతారు. రక్తపరీక్ష చూస్తూ ఇస్తారు, కౌంట్ కోలుకోగానే ఆపేస్తారు.

ఆహార పదార్థాల ప్రకటనలు, గొప్పల మీద దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లోనే నిబంధనలు తెచ్చింది. ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అని రాసే ప్రతి తయారీదారునూ ఆ సంస్థ మూడు ప్రశ్నలు అడగాలి: ఏ కణాన్ని పెంచుతుంది, ఎంత పెంచుతుంది, ఎవరిలో పరీక్షించి చూశారు? జవాబు లేని డబ్బా మీద ఆ మాట ఉండనివ్వకూడదు.