సంపాదకుని మాట: మిల్లీమీటర్ల లెక్క

పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల గేట్ల బయట షిఫ్టు మారే వేళ పాన్‌డబ్బాల దగ్గర రద్దీ చూడండి. రాత్రి డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి దవడన ఖైనీ, జేబులో గుట్కా పొట్లం. ఈ సంచికలో నోటి క్యాన్సర్‌కు పెద్దపీట వేసింది అందుకే.

నోటి పుండు వెడల్పు అద్దంలో కనబడుతుంది. లోతు కనబడదు. నాలుక మీద చిన్న గడ్డే అయినా కండరంలోకి దిగిందంటే మెడ గ్రంథులకు పాకే ముప్పు పెరుగుతుంది. క్యాన్సర్ దశలను నిర్ణయించే ఏజేసీసీ పద్ధతిలో 2018లో అమల్లోకొచ్చిన ఎనిమిదో కూర్పు ఈ లోతునూ లెక్కలోకి తీసుకుంది: 2 సెంటీమీటర్లు దాటని గడ్డ అయినా 5 మిల్లీమీటర్లకు మించి దిగితే గడ్డ స్థాయి టీ1 కాదు, టీ2. మందం, లోతు ఒకటేనని అనుకోవద్దు. పైకి ఉబ్బిన గడ్డ మందంగా ఉండి లోతు తక్కువ కావచ్చు. ఒరుసుకుపోయిన పుండు పలచగా ఉండీ లోపలికి చొచ్చుకుపోవచ్చు.

మెడ గ్రంథులను ఎప్పుడు తీయాలన్న దానిపై ముంబై టాటా మెమోరియల్ వైద్యులు 2015లో ప్రచురించిన పరిశోధన మన దేశపు రోగులదే. తొలిదశలోనే, ముందుజాగ్రత్తగా మెడ గ్రంథులు తీసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది బతికున్నారు. వ్యాధి మెడకు పాకితేనే తీద్దామని ఆగినవారిలో 67.5 శాతం. 3 మిల్లీమీటర్లకు మించని లోతున్న గడ్డల్లో మాత్రం ఆ లాభం స్పష్టపడలేదు.

డ్యూటీ మానితే ఆ రోజు కూలి పోతుందని పుండును చూపించుకోవడం వాయిదా వేసేవాళ్లను నిందించలేం. అయినా మూడు వారాలకూ మానకపోతే చూపించుకోవాల్సిందే. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆపరేషన్ అయితే, పాథాలజీ రిపోర్టులో లోతు ఎన్ని మిల్లీమీటర్లో డాక్టరుగారిని అడగండి.