అర్థమైందా అంటే అయిందనడమే చదువా?

మన గోడపత్రికలో ఇంతవరకు సూక్తులు, పొడుపుకథలు, పండుగల గురించి వ్యాసాలు ఎక్కువగా వచ్చాయి. పాఠం ఎలగ చెప్తే బాగుంటుందో ఎవరూ రాయలేదు. పాఠం వినేది మనమే కాబట్టి మనమూ రాయవచ్చని నా అభిప్రాయం. మాస్టార్లు, టీచర్లు చదివి కోపం తెచ్చుకోవద్దని ముందుగా నమస్కరించి చెప్పుకుంటున్నాను.

ఏ తరగతిలో అయినా పాఠం అయిపోయాక మాస్టారు "అర్థమైందా?" అని అడుగుతారు. అందరం ఒక్క గొంతుతో "అయింది సార్" అంటాం. నలభై మందిమి ఉంటే నలభై మందికీ అయిపోయినట్టే. కానీ రాత్రి స్టడీ అవర్లో చూడండి. ఒకరి నోట్సు చూసి ఒకరు దించుకుంటూ ఉంటారు. మరి అవలేదని ఎందుకు అనరు? అంటే లేచి నిలబడాలి. "ఇంతసేపూ ఏటి విన్నావు?" అంటారు. పక్కవాళ్ళు నవ్వుతారు. పైగా మాకు తెలుగులో అడగడానికి మాట వెంటనే దొరకదు. ఏది అర్థం కాలేదో చెప్పాలన్నా కొంత అర్థమవ్వాలి కదా!

అందుచేత ఆ ప్రశ్న మానేసి "నువ్వు చెప్పు" అంటే మంచిది. ఇద్దరు ముగ్గురు చెప్పేసరికి మాస్టారికి సంగతి తెలిసిపోతుంది. తప్పు చెప్తే తిట్టకుండా, ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి.

ఇది నా సొంత కోరిక మాత్రమే కాదు. విద్యాహక్కు చట్టం 2009లో చేశారు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అందులో 24వ సెక్షన్లో ఉపాధ్యాయుల విధులు ఉన్నాయి. రోజూ వేళకు రావడం, సిలబస్ పూర్తి చెయ్యడం, ఒక్కొక్కరు ఎంత నేర్చుకున్నారో చూసి అవసరమైన వాళ్ళకి అదనంగా చెప్పడం, తల్లిదండ్రులతో మాట్లాడడం. మొదటి రెండింటి గురించీ పైనుంచి వచ్చినవాళ్ళు అడుగుతారు. మూడోది అడిగినవాళ్ళని నేను చూడలేదు. నాకైతే అదే పెద్ద పని అనిపిస్తుంది. సిలబస్ డిసెంబరుకి అయిపోయిందంటే మాస్టారిది అయిపోయింది. మాది అయిందో లేదో ఎవరికి తెలుసు? (ఆ చట్టం పద్నాలుగేళ్ళ వరకు, ఎనిమిదో తరగతి వరకే. నేను తొమ్మిదికి వచ్చేశాను. అయినా చిన్న తరగతుల చెల్లెళ్ళ కోసం రాస్తున్నాను.)

అదే చట్టం 29వ సెక్షన్లో వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలని ఉంది. "మీ భాషలో చెప్తే మీకు తెలుగు ఎప్పుడు వస్తుంది?" అని కొందరు అంటారు. దానికి ఒక ఉదాహరణ చెప్తాను.

మా సవర భాషలో పన్నెండు దాకా ఒక్కో అంకెకి ఒక్కో పేరు. పన్నెండుని మిగ్గల్ అంటాం. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ఇరవైకి మళ్ళీ కొత్త పేరు. ముప్పై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఒకటో తరగతిలో బోర్డు మీద 13 వేసి పదీ మూడు అని చెప్తారు. ఆ గుంట బుర్రలో పన్నెండూ ఒకటి ఉంటుంది. రెండూ నిజమే. ఈ సంగతి తెలిసిన మాస్టారైతే పదమూడు చింతపిక్కలు పోసి, ఇలగ విడదీస్తే మీ ఇంటి లెక్క, ఇలగ విడదీస్తే బడి లెక్క అని చూపిస్తారు. ఐదు నిముషాల పని. తెలియకపోతే "వీళ్ళకి లెక్కలు రావు" అనేస్తారు. ఆ మాట ఒక బడిలో నేను చెవులారా విన్నాను. పన్నెండు కట్టలు, ఇరవై కట్టలు కట్టి నోటితోనే లెక్క కట్టే మనుషులకి లెక్కలు రావట! నాకు ముందు నవ్వు వచ్చింది, తరవాత ఏడుపు వచ్చింది.

ప్రతి ఏడాది ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి ఫోటోకి దండ వేస్తాం. వాడుక భాష కోసం పోరాడారని ఉపన్యాసాలు ఇస్తాం. ఆయన 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే పంతులు గారు. మా సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి బడులు పెట్టి, సవరలోనే చదువు చెప్పించారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది, తరవాత నిఘంటువు కూడా వచ్చింది. ఈ సంగతి మన ఉపన్యాసాల్లో ఒక్క వాక్యంలో వెళ్ళిపోతుంది. సవర పిల్లలున్న బడిలో అదే ముందు చెప్పాలి కదా. మన మాస్టార్లు నిఘంటువులు రాయాలని నేను అనడం లేదు. నూరు మాటలు నేర్చుకుంటే చాలు. ఆకలి, జ్వరం, భయం, ఇంకోసారి చెప్పు, ఇలాంటివి. మేమే నేర్పుతాం, ఫీజు అక్కర్లేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకి బోధన మొదలుపెట్టారు. తెలుగు లిపిలో వాచకాలు తయారు చేశారు. మంచి పనే. కానీ చెప్పేవాళ్ళకి భాష రాకపోతే పుస్తకం ఏం చేస్తుంది? నేను చిన్నప్పుడు ఆ వాచకాన్ని బీరువాలోనే చూశాను. నలగకుండా కొత్తగా ఉంది.

పాఠం బాగా చెప్పడానికి ఖర్చు ఎక్కువ అవదు. మాకు సైన్సు చెప్పిన ఒక టీచర్ పూల పాఠానికి జీడిమామిడి చెట్టు కిందికి తీసుకువెళ్ళారు. ఒకే గుత్తిలో మగపూలు వేరుగా, మగా ఆడా రెండు భాగాలూ ఉన్న పూలు వేరుగా చూపించారు. మనం పండు అని తినేది ఉబ్బిన కాడ అనీ, అసలు కాయ కింద వేలాడే గింజే అనీ చెప్పారు. జీడిపిక్కలు ఏరి సంతకి మోసినవాళ్ళం, మాకు తెలియని చెట్టా? తెలిసిన చెట్టుకి తెలియని పేర్లు వచ్చి చేరాయి. ఆ పాఠం ఎవరూ బట్టీ పట్టలేదు. గైడు చూసి బోర్డు నింపి, దాన్ని మాతో ఎత్తి రాయించిన పాఠాలు ఒక్కటీ గుర్తు లేవు.

తల్లిదండ్రుల మీటింగు సంగతి. మా అమ్మ కూలి మానుకుని కొండ దిగి వచ్చింది. "పర్వాలేదమ్మా, బాగానే చదువుతుంది" అని వేలిముద్ర వేయించుకున్నారు. అంతే. దారిలో అమ్మ నన్ను అడిగింది, "బాగానే అంటే ఎంత?" అని. నాకే తెలీదు, ఏం చెప్పను?

మాస్టార్లకి కష్టాలు లేవని కాదు. హాస్టల్ పని వాళ్ళ మీదే, రాత్రి డ్యూటీలు వాళ్ళవే, ఫోనులో ఎక్కించాల్సిన లెక్కలు బోలెడు. ఆ పనులు తగ్గించమని వాళ్ళు పైవాళ్ళని అడగాలి, మేమూ వాళ్ళ తరపునే మాట్లాడతాం. అయితే "నువ్వు చెప్పు" అనడానికి వేరే టైము అక్కర్లేదు.

ఈ పత్రిక కింద ఒక తెల్లకాగితం అంటించాను. ఏ పాఠం అర్థం కాలేదో పేరు రాయకుండా రాయండి. తెలుగు అక్షరాలతో సవరలో రాసినా పర్వాలేదు. శనివారం దాన్ని తీసి స్టాఫ్ రూములో ఇస్తాం. మొదటి గీత మీద నేను "త్వరణం" అని రాశాను.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని