రాశి ఒకటే, చూపులు అనేకం

నిమిషానికి 3,000 సార్లు తిరిగే టర్బైన్ బేరింగుల వద్ద అమర్చిన ప్రకంపన మాపకాలు ఒక్క షిఫ్టులో కురిపించే అంకెలను ఏ మనిషీ కూర్చుని చదవలేడు. ఇటువంటి అంకెల రాశికే నేడు ‘బిగ్ డేటా’ అని పేరు. తెలుగులో బృహద్దత్తాంశం అనవచ్చు. నోరు తిరగడం కొంత కష్టమే గాని అర్థం సరిపోయింది. అయితే ఈ మాట అన్ని శాస్త్రాల వారికీ ఒకే భావాన్ని స్ఫురింపజేయదు.

భౌతిక శాస్త్రజ్ఞునికి అది ముఖ్యంగా పారవేయవలసిన పదార్థం. జెనీవా చెంతనున్న సెర్న్ త్వరణ యంత్రంలో ప్రోటాన్ల గుంపులు సెకనుకు సుమారు 4 కోట్ల సార్లు ఎదురుపడతాయి. వాటిలో భద్రపరచేవి అత్యల్పం. తక్కినవి పుట్టిన మరుక్షణమే పోతాయి. దేనికోసం వెదకాలో సిద్ధాంతం ముందుగానే చెబుతుంది గనుక వారికి బెంగ లేదు. అయినా 2012 జూలైలో హిగ్స్ కణాన్ని ప్రకటించే ముందు, అటువంటి సంకేతం కేవలం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం సుమారు 35 లక్షలలో ఒక వంతుకు తగ్గేదాకా ఆగారు.

కంప్యూటర్ నిపుణుల ధోరణి ఇందుకు భిన్నం. పొంతన కుదిరితే చాలు, కారణంతో పనిలేదని వారిలో కొందరి నమ్మకం. 2008లో గూగుల్ సంస్థ అమెరికాలో ఫ్లూ వ్యాప్తిని అంచనా వేయబూనింది. జనం కంప్యూటర్లలో వెదికిన సుమారు 5 కోట్ల పదబంధాలను పాత ఫ్లూ లెక్కలతో సరిపోల్చి 45 ఎంపిక చేసింది. వైద్యుల నివేదికలు ప్రభుత్వానికి చేరి క్రోడీకరింపబడడానికి వారం, రెండు వారాలు పట్టేది. ఈ పద్ధతికి ఒక్క రోజు చాలును. అందరూ అబ్బురపడ్డారు.

కాని 2009 వసంతంలో వచ్చిన స్వైన్‌ఫ్లూను అది సరిగా పట్టలేకపోయింది. 2012–13 చలికాలంలో ఒక దశలో వాస్తవానికి దాదాపు రెట్టింపు రోగులను చూపింది. అంటువ్యాధుల శాస్త్రవేత్త అడిగే ప్రశ్న ఒక్కటే: వెదికినవాడు జ్వరపీడితుడా, టీవీ వార్తలు చూసి భయపడినవాడా? ఆ రాశిలో ఇద్దరూ ఒక్కటే. పాఠశాలల బాస్కెట్‌బాల్ పోటీల గురించిన వెదుకులాట సైతం ఫ్లూతో పొంతన కుదిరిందంటే నవ్వు వస్తుంది. రెండూ చలికాలానివే మరి! 2015లో ఆ అంచనాల ప్రచురణను నిలిపివేశారు.

గణాంక శాస్త్రజ్ఞుడైతే రాశిని చూడక ముందే, అందులో లేనివారెవరని అడుగుతాడు. 1936 అమెరికా ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా ప్రజాభిప్రాయ పత్రాలు సేకరించి, రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని ప్రకటించింది. చిరునామాలు టెలిఫోన్, కారు ఉన్నవారి జాబితాల నుండి తీసుకున్నవి. పైగా జవాబిచ్చినవారు నాలుగో వంతు మాత్రమే. రూజ్‌వెల్ట్ భారీగా గెలిచాడు.

ఇక మన యంత్రశాలల సంగతి. సక్రమంగా పోషించిన టర్బైను వేల గంటలు నిశ్చింతగా తిరుగుతుంది, చెడిపోవడం అరుదు. అంటే మన రాశిలో ఆరోగ్యం గురించిన అంకెలు కొండంత, వైఫల్యం గురించినవి గోరంత. చెడును ముందుగా పసికడతానని చెప్పే సాఫ్ట్‌వేర్‌కు పాఠం నేర్పవలసినది ఆ గోరంతే. పాత లాగ్‌బుక్కుల ‘రిమార్కులు’ గడిలో ఆపరేటర్లు పెన్సిలుతో “శబ్దం తేడాగా ఉంది” అని వ్రాసేవారు. ఏ మాపకమూ ఇవ్వని సమాచారమది. కొత్త కంప్యూటర్ పట్టికల నమూనాలు కొన్ని పరిశీలించాను. ఆ గడి ఒక్కదానిలోనూ లేదు.