జెల్లకు రాత్రే పగలు

పిల్లలూ! మొక్కలున్న గాజుతొట్టిలో మన చెరువుల్లో దొరికే చారల జెల్లను వేస్తే, పగలంతా అది కనబడదు. చచ్చిపోయిందేమోనని తొట్టి కెలక్కండి. అది చీకటిపడ్డాక తిరిగే చేప. నోటిచుట్టూ ఉన్న 8 మీసాలతో తడిమి మేత వెతుక్కుంటుంది. ఆ మీసాలు గీసుకుపోకుండా అడుగున మెత్తటి ఇసుక పరచండి. పగలు దాక్కోవటానికి ఒక మట్టిపిడతను పడుకోబెట్టండి. దీపం ఆర్పాకనే దానికి మేత వెయ్యండి. ముందే వేస్తే తక్కిన చేపలు తినేస్తాయి, జెల్ల పస్తుంటుంది. అయితే కడుపు నిండినా సరే, నోట పట్టే చిన్నచేప దొరికితే మింగక మానదు! అందుచేత దాని నోట పట్టని చేపలనే తోడు ఉంచండి. చేత్తో మాత్రం పట్టుకోకండి. దాని రెక్కల్లో వాడి ముళ్లున్నాయి సుమా!